కళ్ళు తెరిచి ఉన్నది నేనొక్కదాన్నే

ఇన్నేళ్ళుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. మా ఆయనకు చెప్పలేదు. తోడబుట్టిన అక్కకూ చెప్పలేదు. ముఖం తెలియని మీకు చెప్పడం తేలిక అనిపిస్తోంది. తేలికేనా? చూద్దాం.

రోజూ పొద్దున్నే అమీన్‌పూర్‌లో మా ఇంటి బాల్కనీలో చాప వేసుకుని, ఫోన్‌లో ధ్యానం పెట్టుకుంటాను. అందులో ఒకావిడ మెత్తగా చెబుతుంది, కళ్ళు మూసుకోండి, మెల్లగా ఊపిరి తీసుకోండి అని. మిగతావన్నీ చేస్తాను. కళ్ళు మాత్రం మూతపడవు.

ఆ మాటలు ఒకప్పుడు నేనే చెప్పేదాన్ని. పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో, సీసాలకు లేబుళ్ళు అంటించే హాల్లో పనిచేసేదాన్ని. పని మొదలయ్యే ముందు అందరితో ధ్యానం చేయించాలని పైవాళ్ళకు బుద్ధి పుట్టింది. నా గొంతు బాగుంటుందని మైకు చేతికిచ్చి, చదవడానికి ఒక కాగితం కూడా ఇచ్చారు. గేటు బయట ఫ్యాక్టరీల గాలికి ముక్కు మండుతుంటే, లోపల నేను "స్వచ్ఛమైన గాలిని గుండెల నిండా పీల్చండి" అని చదవాలి. నాకే నవ్వొచ్చేది. అయినా ఆ పొద్దులంటే నాకెంత ఇష్టమో! నీలం టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళంతా నా మాటకు ఒక్కసారే కళ్ళు మూసేవారు. మిషన్లు ఆగి ఉండేవి. మామూలప్పుడు వినపడని ఫ్యాను చప్పుడు అప్పుడు వినపడేది.

ముందు వరసలో యాదమ్మ కూర్చునేది. గుమ్మడిదల పక్క ఊరు. భర్త మంచాన పడ్డాక ఇల్లంతా ఆమె జీతం మీదే నడిచేది. మధ్యాహ్నం ఆమె జొన్నరొట్టెలో సగం నాది, నా పప్పులో సగం ఆమెది. నేను చదువుతుంటే పానం నిమ్మళమైతదని అనేది.

ఒకరోజు ఫ్యాను గాలికి నా ముందు బల్ల మీది కాగితం ఎగిరిపోతోంది. ఒక చేతిలో మైకు. పక్క బల్ల మీదున్న లేబుళ్ళ చుట్ట తీసి, కాగితం మీద బరువుగా పెట్టాను. చదవడం అయ్యేలోపే, "మెల్లగా ఊపిరి వదలండి" అంటూనే, ఆ చుట్టను తిరిగి పెట్టేశాను. చూసుకోకుండా పెట్టింది యాదమ్మ బల్ల మీద. అవి పెద్దవాళ్ళ మందు లేబుళ్ళు. ఆమె అంటించేది పిల్లల సిరప్పుకు. రెండూ ఒకే రంగు. కళ్ళు తెరిచి, తనదే అనుకుని మిషన్‌కు ఎక్కించింది.

సరుకు గేటు దాటకముందే తప్పు దొరికింది. ఆ చుట్ట అక్కడికెలా వచ్చిందని సూపర్‌వైజర్ అరిచాడు. ఎవరు చూస్తారు? అందరి కళ్ళూ మూయించింది నేనే కదా. యాదమ్మను రేపటి నుంచి రావద్దన్నారు.

సాయంత్రం ముత్తంగి చౌరస్తాలో ఆటో కోసం నిలబడ్డప్పుడు అడిగింది.

"అక్కా, నువ్వొక్కదానివే గదా కండ్లు తెర్సుకోని ఉండేది. ఆ చుట్ట నా బల్ల మీద ఎవలు వెట్టిన్రో జెర సూసినవా?"

"లేదే. కాగితం సదువుతున్న గదా, నేనేం సూడలె."

"గట్లనా. పోనియ్ తియ్. రేపటి సంది నీ గొంతు ఇనవడది, గదే బాధైతుందక్కా."

నన్ను అనుమానించనైనా లేదు. ఎందుకు అబద్ధం చెప్పాను? ఉద్యోగం పోతుందనా? ఎన్నోసార్లు తరచి చూసుకున్నాను. ఉద్యోగం కన్నా ఆ మైకు పోతుందనే ఎక్కువ భయపడ్డానేమో, నలుగురు కళ్ళు మూసుకుని నన్ను వింటారన్న మురిపెమే ఆమె కూడు కన్నా ఎక్కువైందేమో. మర్నాడు మళ్ళీ చదివాను. గొంతు కాస్తయినా వణకలేదు. సిగ్గుగా ఉంది చెప్పడానికి.

ఆమె ఊరికి వెళ్ళాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇప్పటికీ వెళ్ళలేదు.

ఈ పొద్దున ఫోన్‌లో ఆవిడ కళ్ళు మూసుకోమంటుంటే ఆపేశాను. ఎవరూ లేని బాల్కనీలో, ఆ మైకు గొంతుతోనే పైకి చెప్పాను. "సూసిన యాదమ్మా. వెట్టింది నేనే."

ఆమెకు వినపడలేదు. మీకు వినపడింది, అంతే. దీన్ని క్షమాపణ అనరని నాకు తెలుసు. ఊపిరి మాత్రం ఇవాళ పూర్తిగా బయటికి వచ్చింది.