తలుపు మీద రెండు తేదీలు

నా చిన్నప్పుడు మా గుర్రపుశాల తలుపు మీద ఎప్పుడూ సుద్దతో రాసిన రెండు తేదీలుండేవి. పైది మా గుర్రాన్ని మగ గుర్రం దగ్గరికి తోలుకెళ్లిన రోజు. కిందిది అది ఈనాల్సిన రోజు. మా తాతయ్య ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఒక్క సంవత్సరాలు ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. బాయిలర్ కడిగిన తేదీ, మళ్లీ కడగాల్సిన తేదీ ఇంజిను మీద రాసి ఉంచడం అక్కడి పద్ధతి. రిటైరయ్యాక జట్కా కొని స్టేషన్ నుంచి ఇందా పేటకి తోలుతూ, ఆ పద్ధతినే గుర్రానికీ పెట్టాడు.

ఆ ఏడు పైన తేదీ 1964 జూన్ 3, బుధవారం. కింద తేదీ వేసింది నేను. అప్పటికి నాకు పదకొండేళ్లు. తాతయ్య పదకొండు నెలలు అన్నాడు. నెలలన్నీ ఒక్కలా ఉండవని వాదించి, మూడువందల నలభై రోజులు లెక్కగట్టి 1965 మే 9 అని రాశాను. ఆ లెక్కలో తప్పు లేదు. ఇప్పుడు వేసినా అదే వస్తుంది.

గుర్రానికి పద్దెనిమిదేళ్లు దాటాయని పళ్లు చూసినవాళ్లు చెప్పేవారు. మా ఇంట్లో రెండుసార్లు ఈనింది, రెండూ మగపిల్లలే. ఒక ఆడపిల్లని కంటే దాన్ని బండికి తయారుచేసి, తల్లిని కూర్చోబెట్టి మేపాలని తాతయ్య ఆశ. ముందటేడు చూలు కట్టలేదు. ఈసారి కూడా ఈనకపోతే ఇటుకబట్టీ వాళ్లకిచ్చేస్తానని అందరి ముందూ అనేశాడు. బట్టీ బండికి కట్టిన ముసలి గుర్రం ఎన్నాళ్లుంటుందో మా వీధిలో పిల్లలకి కూడా తెలుసు. అందుకే ఆ కింద తేదీని నేను రోజూ బడికి వెళ్లే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి చూసుకునేదాన్ని.

చలికాలానికి పొట్ట దిగింది. అందరం మురిసిపోయాం. వెన్ను మాత్రం ఎముకలు తేలింది. కడుపులో ఉన్నది తినేస్తోందని మా నానమ్మ దాణాలో ఉలవలు పెంచింది, బెల్లం కూడా పెట్టింది. ఒంటి నిండా బొచ్చు ఎలుగుబంటికి పెరిగినట్టు పెరిగింది. తల్లికి పిల్లకి కలిపి చలి కాసుకుంటోందని తాతయ్య చెప్పాడు. మేం నమ్మాం.

మే 9 ఆదివారం వచ్చింది, వెళ్లింది. ఆ రోజంతా నేను శాల గుమ్మంలోనే కూర్చున్నాను. పదో తేదీ, పదకొండో తేదీ, పదిహేనో తేదీ. నా లెక్క నాలుగుసార్లు మళ్లీ వేశాను. నాకు గుర్రం మీదే కోపం వచ్చింది. అంత కచ్చితంగా తేదీ ఇస్తే దానికి పట్టదేమని దాని ముందు నిలబడి తిట్టాను కూడా. స్టేషన్ దగ్గర జట్కావాళ్లు తాతయ్యని ఆడుకోవడం మొదలుపెట్టారు.

"ఏటి మావా, నీ గుర్రం ఏనుగు పిల్లని కంటాదేటి?" అని ఒకాయన రోజూ అడిగేవాడట. తాతయ్య ఆ కసి ఇంటికి తెచ్చి అన్నం పళ్లెం మీద చూపించేవాడు. ఇరవై ఐదో తేదీన బట్టీ మనిషి వచ్చి గుర్రాన్ని చూసి, జూన్‌లో వస్తానని వెళ్లాడు.

మే 27న నానమ్మ పట్టుపట్టి పశువుల కాంపౌండర్ని పిలిపించింది. బెంగాలీ మనిషి, మా వీధి చివర అద్దెకుండేవాడు, మా తెలుగు బాగానే పట్టుకున్నాడు. ఆయన్ని నేను దాదా అనేదాన్ని, వాళ్ల మాటలో అన్నయ్య అని. చేయి పెట్టి చూసి, పొట్టలో పిల్ల లేదని, ఎప్పుడూ లేదని చెప్పాడు. నేను లెక్కలు రాసుకునే నోటు పుస్తకం తెచ్చి తేదీలు చూపించాను. దాదా అంతా ఓపిగ్గా చదివి, చాలా శుభ్రంగా రాశావన్నాడు. తర్వాత ఇది రోజుకి ఎన్ని బాల్చీల నీళ్లు తాగుతుందని అడిగాడు.

నాకు తెలియదు. కుళాయి నుంచి ఆ నీళ్లు మోసేది నేనే. చేతులు నొప్పెడుతున్నాయని నానమ్మతో రోజూ పోట్లాడేదాన్ని. అయినా ఎన్నో తెలియదు.

వారం రోజులు అదొక్కటే రాయమన్నాడు. ఆరు, ఏడు, ఆరు, ఆరు, ఏడు, ఆరు, ఏడు. మొత్తం నలభై ఐదు. ఆ ఎండల్లో బండి లాగే గుర్రమైనా రోజుకి మూడు తాగితే ఎక్కువని అప్పుడు చెప్పాడు. ఆ సంఖ్య పట్టుకుని పెద్ద డాక్టరుని అడిగి వచ్చాడు. తల లోపల, మెదడు కింద ఒక చిన్న గ్రంథి ఉంటుందట. ముసలితనంలో కొన్ని గుర్రాలకి అది గతి తప్పుతుందట. ఎండలొచ్చినా చలికాలపు బొచ్చు రాలదు, దాహం తీరదు, కండ కరిగి పొట్ట జారుతుంది, ఎద సరిగ్గా రాదు, చూలు నిలవదు. ఆ రోజుల్లో దానికి మందు లేదు.

తాతయ్య వినలేదు. గ్రంథీ లేదు గాడిద గుడ్డూ లేదు, వయసైపోయిందంతే, బట్టీకి పంపుతానన్నాడు. అది జూన్ 3. పైన తేదీకి సరిగ్గా ఏడాది.

దాదా వాదించలేదు. తాతయ్య చలికాలంలో వేసుకునే నల్ల ఉన్నికోటు తెమ్మని నాతో అన్నాడు. పెట్టెలోంచి కలరా ఉండల వాసనతో తెచ్చాను. మందు పట్టించాలి, పళ్లు తగలకుండా ఇది వేసుకుని కళ్లెం పట్టుకో దాదూ అని తాతయ్యకి తొడిగాడు. దాదూ అంటే వాళ్లకి తాత. మిట్టమధ్యాహ్నం, వాకిట్లో ఎండ. దాదా తీరిగ్గా సంచీలో వెతుకుతూనే ఉన్నాడు. తాతయ్య ముఖం మీంచి చెమట ధారగా కారింది.

"ఏటి బాబూ, ఎంతసేపు నిలబెడతావు? ఊపిరాడట్లేదు."

దాదా తలెత్తి మెల్లగా అన్నాడు. "ఇది చైత్రం నుంచి ఇలాగే నిలబడింది, దాదూ. బండి కూడా లాగింది. పైగా మీరు పిల్లని అడుగుతున్నారు."

తాతయ్య కోటు విప్పలేదు. చాలాసేపు అలాగే కళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఒక్కొక్క బొత్తామే తీసి, కోటుని శాలలో మేకుకి తగిలించి, కింద తేదీని అరచేత్తో తుడిచేశాడు.

ఆ సాయంత్రం గొర్రెల కత్తెర తెచ్చి బొచ్చు కత్తిరించారు. రెండు గోనెసంచులు నిండాయి. బెల్లం మానేశాం. బట్టీ మనిషి వచ్చినప్పుడు తాతయ్య మంచినీళ్లిచ్చి పంపేశాడు. గుర్రం మళ్లీ ఈనలేదు, నయమూ కాలేదు. బొచ్చు పెరిగినప్పుడల్లా కత్తిరించాం. సగం బాడుగలే ఒప్పుకుంటూ, జట్కావాళ్ల మాటలు పడుతూ తాతయ్య దాన్ని 1968 ఫిబ్రవరి దాకా ఉంచుకున్నాడు. కోటు ఆ మేకుకే ఉంది. మూడు చలికాలాలూ ఆయన దుప్పటి కప్పుకుని బండి తోలాడు.

ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే ఇప్పటికీ నేను ముందు నీళ్లెన్ని తాగుతున్నావని అడుగుతాను. మా కోడలు విసుక్కుంటుంది. విసుక్కోనీ. ఆ నోటు పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. 1964 జూన్ 3న గుర్రాన్ని తోలుకెళ్లినప్పుడు దాని మెడ పట్టుకుని నడిచింది నేనే. ఇంటికొచ్చాక నా అరచేతులకి చెమటతో తడిసిన పొడుగు బొచ్చు అంటుకుని ఉంటే లంగాకి తుడుచుకున్నాను. అంటే ఆ వేసవి కూడా అది తన చలికాలపు కోటు విప్పలేదు. ఆ వేసవి పేజీల్లో తేదీలన్నీ సరిగ్గా ఉన్నాయి, గుర్రం మాత్రం ఒక్క చోటా లేదు.