ఎడమ పక్క మనిషి

"మళ్ళీ దిగావేంటయ్యా!"

"చూసొస్తానండి."

"ఏం చూస్తావ్? అద్దం ఎందుకు పెట్టారు, తల దువ్వుకోడానికా?"

"అద్దంలో వెనక చక్రం సరిగ్గా కనపడదండి."

"ఇరవై రెండేళ్ళు లారీల్లో తిరిగానన్నావ్. ఇలా మలుపు మలుపుకీ దిగి ఎక్కుతుంటే కాకినాడ చేరేలోపు నీకు మనవలు పుడతారు. ఎక్కు ముందు!"

"ఎక్కుతానండి. చూసి ఎక్కుతాను."

రాజమండ్రి శివారులోని ఆ హెవీ డ్రైవింగ్ స్కూల్లో నాకది మొదటి రోజు. రేకుల షెడ్డులో కూర్చుని ఫారాలు నింపుతుంటే మైదానంలోంచి ఈ గొడవ వినపడింది. బయటికొచ్చి చూశాను. పాత లారీ కిటికీలోంచి సగం బయటికి వేలాడుతూ అరుస్తున్నది మా మాస్టారు గంగాధర్ గారు. కింద నలభై ఐదేళ్ళ బక్కపలచటి మనిషి ఒకడు మోకాళ్ళ మీద చేతులు పెట్టి, ఎడమ వెనక చక్రం దగ్గర వంగి చూస్తున్నాడు. అక్కడ ఎండు గడ్డి తప్ప ఇంకేం లేదు. అయినా చక్రాన్ని ఒకసారి చేత్తో తడిమి, అప్పుడు ఎక్కాడు.

అతనే లోవరాజు.

నేను ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో మానేశాను. ఏదో ఒక బండెక్కి ఎటో వెళ్ళిపోవాలన్న తొందర తప్ప నాకు వేరే ఆలోచన లేదు. లోవరాజుది అలాంటి తొందర కాదు. రావులపాలెం నుంచి ఒడిశాకి అరటి గెలలు తోలే చంద్రరావు గారి లారీ మీద అతను క్లీనర్. ఏడాది కిందటే ఓనరు కొత్త బండి కొనాలనుకున్నారు. దానికి చుట్టూ కెమెరాలు, లోపల టీవీలాంటి తెర. "ఇక క్లీనర్ అక్కర్లేదు లోవరాజూ. బండి వచ్చేలోపు హెవీ లైసెన్స్ తెచ్చుకుంటే స్టీరింగ్ నీదే. లేదంటే ఇంటికెళ్ళు" అన్నారట. పాపం, ఆయన మంచి మాటే అన్నారు. ముందు లైట్ లైసెన్స్ తీసుకుని ఏడాది ఆగితే గాని హెవీకి రానివ్వరు. ఆ ఏడాదీ ఓపికపట్టి వచ్చాడు.

తోలడం రాదా అంటే, నాకంటే బాగా వచ్చు. గేరు మారిస్తే చప్పుడు వినపడేది కాదు. తిన్నటి రోడ్డు మీద గంగాధర్ గారు కళ్ళు మూసుకుని కునుకు తీసేవారు. ఎడమకి తిప్పాల్సిన చోటు వచ్చిందా, బండి ఆగిపోయేది. లోవరాజు దిగేవాడు.

వారం చూసి, ఉండబట్టలేక అడిగేశాను. "ఏంటండీ మీ భయం? ఎవర్నైనా తొక్కేశారా?"

టీ గ్లాసు కింద పెట్టాడు. నా నోరే అంత. అన్నాక గాని తెలీదు.

"నేను తొక్కలేదు బాబూ. నేను చూడలేదు."

మూడేళ్ళ కిందటి మాట. డ్రైవరు అబ్బులు, ఎడమ సీట్లో లోవరాజు. ఇద్దరిదీ పంతొమ్మిదేళ్ళ జత. లారీల్లో ఒక పద్ధతి ఉంది. లోడు బండి ఎడమకి తిరగాలంటే క్లీనర్ తల బయటపెట్టి వెనకదాకా చూసి, తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి "రానీ" అనాలి. అనేదాకా డ్రైవరు తిప్పడు. నిడదవోలు దగ్గర కాలవ వంతెన మలుపు. మధ్యాహ్నం పన్నెండు. లోవరాజు ఫోన్‌లో ఎవరో పంపిన వీడియో ఏదో చూస్తున్నాడు. తల ఎత్తకుండానే తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి "రానీ" అన్నాడు.

సైకిలు మీద పాల క్యాన్లతో ఒక ముసలాయన.

"పాలు రోడ్డంతా పారాయి బాబూ. ముందు పాలే చూశాను. ఎవరిదో క్యాను పడిపోయిందనుకున్నాను." కాసేపాగి, "పోలీసులు వస్తే అబ్బులు నా వంక కూడా చూడలేదు. నేనే చూసుకోకుండా తిప్పేశానండి అన్నాడు. కేసు డ్రైవరు మీదే కదా. నా పేరు ఏ కాయితంలోనూ లేదు."

"మీరు చెప్పలేదా?"

"నోరు రాలేదు."

అబ్బులు లైసెన్స్ పోయింది. ఇప్పుడు పెద్దాపురంలో వాళ్ళ తమ్ముడి కొట్లో కూర్చుంటున్నాడట. లోవరాజు రెండుసార్లు వెళ్ళి, వీధి చివరినుంచే తిరిగొచ్చేశాడు.

నేనేం ఓదార్చలేదు. నాకు రాదు. టెస్టుకి పనికొచ్చే మాట ఒకటి మాత్రం చెప్పాను. "చూడండి, టెస్టులో దిగితే ఫెయిలే. ఏమైనా కానీండి, సీట్లోంచి దిగకండి." చిన్నపిల్లాడిలా తలూపాడు. మర్నాటి నుంచి దిగడం మానేశాడు. మలుపు దగ్గర చెమటలు కారుతున్నా తిప్పేవాడు. పక్కన కూర్చున్న గంగాధర్ గారు "ఊఁ, పోనీ, పోనీ" అంటూనే ఉండేవారు. అదేదో ఆయన అలవాటనుకున్నాను. ఆ మాట మీదే లోవరాజు తిప్పుతున్నాడని నాకు గానీ మాస్టారికి గానీ తట్టలేదు.

టెస్టు రోజు నాది ముందు అయిపోయింది. పాసయ్యాను. తరవాత లోవరాజు. రవాణా శాఖ ఇన్‌స్పెక్టరు గారు ఎడమ సీట్లో కూర్చున్నారు, ఒళ్ళో కాయితాలు. ట్రాకు మీద బండి తిన్నగా వెళ్ళింది, బాగుంది. గుట్ట ఎక్కి ఆగి మళ్ళీ కదిలింది, బాగుంది. ఎడమ మలుపు దగ్గర ఇండికేటరు వేసి ఆగింది.

కదల్లేదు.

దిగలేదు కూడా. నేను చెప్పాను కదా. ఇండికేటరు కొట్టుకుంటూనే ఉంది. వెనక రెండు బళ్ళు హారన్ కొట్టాయి. లోవరాజు తల తిప్పి ఇన్‌స్పెక్టరు మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. కిటికీలోంచి మాటలు వినపడ్డాయి.

"ఏమయ్యా, బండి ఆగిపోయిందా?"

"లేదండి. మీరు చెప్పాలండి."

"నేనేం చెప్పాలి?"

"ఎడమ పక్క మీరున్నారు కదండి."

ఆయన నవ్వారు. మంచాయనే, ఇంకో నిమిషం ఆగారు. తరవాత కాయితం మీద గీత గీసి దిగిపోయారు. వారం తరవాత మళ్ళీ అవకాశం ఇచ్చారు. ఈసారి స్టీరింగ్ గట్టిగా పట్టుకుని మలుపులో సగందాకా తిప్పాడు. తిప్పి బ్రేకు వేసి, దిగి, ట్రాకు పక్కన వాంతి చేసుకున్నాడు. గంగాధర్ గారు అరవలేదు. తన నీళ్ళ సీసా అందించి, భుజం పట్టుకుని నీడలోకి తీసుకెళ్ళారు.

కొత్త బండి వచ్చేసింది. డ్రైవర్లు దొరకడం లేదు. చంద్రరావు గారు డ్రైవింగ్ స్కూలుకి ఫోన్ చేస్తే గంగాధర్ గారు నా పేరు చెప్పారు. నాకొద్దని అనొచ్చు. అనలేదు. ఆ తెల్ల బండిని చూశాక అనాలనిపించలేదు. అదే నిజం.

నిన్న పొద్దున రావులపాలెం యార్డులో గెలలు ఎక్కిస్తుంటే లోవరాజు వచ్చాడు. ఉతికిన చొక్కా, చేతిలో బట్టల సంచీ. ఎవరూ చెప్పకుండానే తాళ్ళు లాగి చూశాడు, టైర్లు తట్టాడు. ఎడమ అద్దం కింద బిగించిన చిన్న కెమెరా దగ్గర ఆగి, దాన్ని తన చొక్కా అంచుతో తుడిచాడు. నేను ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడ్డాను.

దగ్గరికొచ్చి చేతులు కట్టుకున్నాడు. నన్ను ఏనాడూ మీరు అనని మనిషి.

"చంద్రరావు గారిని మీరే అడగండి బాబూ. కెమెరా ఉంటే ఉండనీయమనండి, నేను కాదనను. దాని పక్కన నేను కూడా కూర్చుంటానని చెప్పండి."