వార్తలు కాదు, బార్తలు

బెంగాల్‌లోని మా ఏక్‌బాల్‌పూర్ కేబుల్ ఛానెల్లో ఆదివారం సాయంత్రం పావుగంట తెలుగు వార్తలు వస్తాయి. రాసేది నేను, చదివేది మా చెల్లి పార్వతి. దానికి తెలుగు అక్షరాలు రావు, అందుకే బెంగాలీ లిపిలో రాసిస్తాను. బెంగాలీలో 'వ' లేదు, 'బ'తోనే సరిపెట్టాలి. దాంతో కంగారులో ఒక్కోసారి దాని నోట వార్తలు బార్తలైపోతాయి.

ఈరోజు సాల్ట్ లేక్ నుంచి ఓ తెలుగు సాఫ్ట్‌వేర్ పెద్దమనిషి, ఎర్రజెండా ఆఫీసు మేడ మీదున్న మా స్టూడియోకి సలహా ఇవ్వడానికొచ్చాడు.

"భర్తలు అన్నట్టు వినిపిస్తోందండీ. శుద్ధమైన తెలుగు వచ్చిన అమ్మాయిని పెట్టండి," అన్నాడు.

ఛానెల్ నడిపే బెంగాలీ దాదా నా వైపు చూశాడు. నాకు ఒళ్ళు మండింది. ఈలోపే పార్వతి అందుకుంది.

"ఏటి బాబూ, ఈ ఈదిలో ఓడల డాక్‌లో పని సేసినోళ్ళకి ఇన్నాళ్ళూ తెలుగులో కబురు సెప్పింది ఈ నోరే. అప్పుడు తమరెక్కడున్నారు?"

అనేసి వెళ్ళి కెమెరా ముందు కూర్చుంది. లైవ్ మొదలైంది. "నమస్కారం. బార్తలు చదువుతున్నది పార్వతి," అంది, 'బా' మీద బాగా నొక్కి.

ఈసారి అది పొరపాటు కాదు. అభ్యంతరం ఉన్నవాళ్ళు కింద కామెంట్లలో రాయండి. బెంగాలీ లిపిలో రాస్తే తనే చదువుకుని జవాబు చెబుతుంది.