నిమిషానికి నలభై నాలుగు

1968 చలికాలం. బోధన్ ఆసుపత్రిలో నేను నర్సును. ఒక అమ్మాయి మణికట్టు పట్టుకుని పల్స్ లెక్కపెడుతున్నాను. పావు నిమిషంలో పదకొండుసార్లే కొట్టుకుంది. పొరబడ్డానేమోనని ఈసారి నిండు నిమిషం చూశాను. నలభై నాలుగు. మామూలుగా డెబ్బై అటూ ఇటూ ఉండాలి. ఇంత నెమ్మదిగా ఉంటే బ్రాడీకార్డియా అంటాం. గుండెలో ఏదో అడ్డుపడిందని అర్థం కావచ్చు.

ఆమె గంగామణి. పంతొమ్మిదేళ్ళు, బీడీలు చుడుతుంది. మర్నాడు నిజామాబాద్‌లో జిల్లా పరుగు పోటీ ఉంది. ఆరోగ్యంగా ఉందని డాక్టరు సంతకం చేస్తేనే పరుగెత్తనిస్తారు. అందుకోసమే వాళ్ళ అవ్వను వెంటబెట్టుకుని వచ్చింది.

మంచం మీద పడుకోమన్నాను. "నీ గుండె మెల్లగ కొట్టుకుంటున్నది. రేపు ఉరుకొద్దు."

ఆమె ఏడవలేదు. మంచం కమ్మీ గట్టిగా పట్టుకుంది. "ఏడేండ్ల సంది రేపటి కోసమే ఉరుకుతున్న సిస్టరమ్మా."

నా సంగతి కూడా చెప్పాలి. మా చిన్నవాడికి న్యుమోనియా వచ్చి తగ్గినప్పటి నుంచి, పిల్లలు నిద్రపోయాక ఇద్దరి చేతులూ పట్టుకుని నాడి చూడందే నాకు కునుకు పట్టేది కాదు. వాకిట్లో కూడా పరుగెత్తనిచ్చేదాన్ని కాదు. ఆ భయం ఆసుపత్రికీ నాతో వచ్చేది.

డాక్టరుగారు వచ్చి స్టెతస్కోపుతో చాలాసేపు విన్నారు. తర్వాత, పొద్దున ఎన్నింటికి లేస్తావని అడిగారు.

వాళ్ళ ఊరు నిజాంసాగర్ కాలువ పక్కన. చక్కెర ఫ్యాక్టరీ సైరన్, వాళ్ళ మాటలో భోంగ, మొదటిసారి మోగగానే ఊరి తూము దగ్గర బయలుదేరుతుంది. కాలువ గట్టు మీద మూడో తూము ముట్టుకుని, రెండో భోంగ మోగేలోపు తిరిగి రావాలి. మొదటి ఏడాది ఒక్కనాడూ వేళకు రాలేకపోయిందట. వేళకు వచ్చిన మర్నాటి నుంచి నాలుగో తూము దాకా పోవడం మొదలుపెట్టింది.

"వాన పడితే?" అన్నారు డాక్టరుగారు.

"వానకు భోంగ ఆగుతదా సారూ?"

అవ్వ అందుకుంది. "మా ఇంట్ల గడియారం లేదు. ఇది తిరిగొచ్చినంకనే నేను పొయ్యి ముట్టిస్త. ఒక్కనాడన్న ఆలస్యం జేస్తే జరంత పండుకుందమనుకున్న. చెయ్యనేలేదు ముండ."

డాక్టరుగారు ఆమెను ఆసుపత్రి చుట్టూ ఆరుసార్లు పరుగెత్తించారు. ఆగగానే చెయ్యి పట్టుకున్నాను. నూట యాభై. అయిదు నిమిషాలకు అరవై. ఇంకాసేపటికి మళ్ళీ అదే నలభై నాలుగు. అడ్డుపడిన గుండె అంత ఎత్తుకు ఎక్కి అంత కుదురుగా దిగదని ఆయన చెప్పారు. "సాధన చేసిన గుండె సిస్టర్. ఒక్క దెబ్బకే కావలసినంత రక్తం తోస్తుంది. దానికి తొందర లేదు."

ఆయన సంతకం చేస్తున్నా నేను ఆ చెయ్యి వదల్లేదు. ఏడేళ్ళ తెల్లవారుజాములు నా వేళ్ళ కింద నింపాదిగా కొట్టుకుంటున్నాయి. పుస్తకంలో చదివిన అంకె నాకు తెలుసు. మనిషి తన గుండెను తానే దిద్దుకోగలడని ఆ రోజే చూశాను. అప్పటి నుంచి పల్స్ లెక్కపెట్టే ముందు, రోజూ ఏం పని చేస్తావని అడుగుతున్నాను.

గంగామణి పోటీలో రెండో స్థానంలో వచ్చిందని మర్నాడు సాయంత్రం తెలిసింది. నేను అందాకా ఆగలేదు. పోటీ రోజు పొద్దున భోంగ మోగగానే పిల్లలిద్దరినీ లేపి వాకిట్లోకి తెచ్చాను.

"కాలువ దాకా ఉరికి రాండ్రి. రేపు గూడ ఉరకాలె."

"పడితేనో అమ్మా?" అన్నాడు చిన్నవాడు.

"లేసి మళ్ళ ఉరుకు. వచ్చినంక నేను చెయ్యి పట్టి చూడను."