మూడో పాట జుబేదాది

జుబేదా బీ చివరిగా చేసిన పని హీటరు ఆపడం. అంతకుముందు తన దఫ్‌ను దాని ముందు అటూ ఇటూ తిప్పి వెచ్చచేసింది. గుండ్రటి చట్రానికి బిగించిన ఆ తోలు చలికి మెత్తబడితే మోత రాదు. వేలితో ఒకసారి కొట్టి చూసుకుని, "పలుకుతాంది" అని, పాత తువ్వాలు కప్పి నడుం వాల్చింది. మధ్యాహ్నం నేను వ్యాను తీసుకుని వచ్చి లేపితే లేవలేదు. గుండె అన్నారు.

ఆమె నా భార్య. ఊరు రాయచోటి. కువైట్‌కు వంటమనిషిగా వచ్చి, పాటగత్తెగా పోయింది.

మొదటి బృందం ముగ్గురిది: జుబేదా, కడప తస్లీమ్, జీనత్. బ్నీద్ అల్ గార్ పేటలో మనవాళ్ళ ఇళ్ళల్లో మెహందీలకు పాడేవాళ్ళు. అదీ శుక్రవారాలే, ముగ్గురికీ ఆ రోజే సెలవు. మంచి పేరొచ్చింది. పేరొచ్చాక మధ్య కుర్చీ ఎవరిదన్న గొడవా వచ్చింది. జీనత్ అలిగి, పెళ్ళి చేసుకుని దుబాయ్ వెళ్ళిపోయింది. మిగిలిన ఇద్దరూ మధ్య కుర్చీలో హ్యాండ్‌బ్యాగులు పెట్టుకుని ఇంకో ఏడాది పాడారు.

రెండో బృందం ఉమ్ మిషారీ అనే కువైటీ ఆమెది. ఇక్కడ ఆడవాళ్ళ పెళ్ళి విందు వేరుగా జరుగుతుంది. మగవాళ్ళకు ప్రవేశం లేదు. ఫోన్లు కూడా గుమ్మం దగ్గరే సంచిలో వేయించుకుంటారు. అందుకే జుబేదా పాట ఎక్కడా రికార్డు కాలేదు. ఉమ్ మిషారీ ముందు కుర్చీలో కూర్చుని పాట ఎత్తుకుంటే, వెనక వరసలో జుబేదా, తస్లీమ్, మరికొందరు దఫ్‌లు కొడుతూ వంత పాడేవాళ్ళు. పాటకూ పాటకూ మధ్య హాలు వంటగదిలోకి వెళ్ళి దఫ్‌లు వెచ్చచేసుకునేవాళ్ళు. వ్యాను నడిపేది నేను. మొత్తం బృందంలో పాట విననిది నేనొక్కణ్ణే.

"ఇంట్లో పాడరాదా, నేనింటా" అన్నాను ఒకసారి.

"ఎనకాల అంతమంది లేకుంటే నా గొంతు లేయదు. వంతకు నువ్వుంటావా?"

వంత పాడాను.

"ఖలాస్" అంది. "నువ్వు బండి తోలుకో."

ఆమెకు కావలసింది రెండే. ముందు కుర్చీలో కూర్చుని ఒక్క పాట పాడాలి, అది నేను వినాలి. మొదటిది ఉమ్ మిషారీ చేతిలో ఉంది. రెండోది ఎవరి చేతిలోనూ లేదనుకునేవాణ్ణి.

వ్యాను ఎక్కగానే ప్రతిసారీ అడిగేది. "ఇనపడిందా?"

"మోత ఇనపడింది."

"మోత గాడిదలకు గూడా ఇనపడతాది."

డ్రైవర్లం హాలు వెనక, వంటగది వైపు ఆగేవాళ్ళం. ఆ తలుపు తరచుగా బార్లా తెరిచి ఉండేది, మూసుకోకుండా ఒక నూనె డబ్బా అడ్డం. లోపలి వెలుతురూ సందడీ ఒక్కసారిగా బయటపడేసరికి డ్రైవర్లందరూ తలలు తిప్పేవాళ్ళు. లోపల ఆడవాళ్ళ విందు, పరాయి మగవాళ్ళు చూడకూడదు. నేను దిగి వెళ్ళేసరికి తలుపు దగ్గర ఎవరూ ఉండేవాళ్ళు కాదు. డబ్బా జరిపి, తలుపు మూసి వచ్చేవాణ్ణి. నూనె అయిపోయిన డబ్బాలో అంచుదాకా నీళ్ళుండేవి, రెండు చేతులూ పెడితేగాని కదిలేది కాదు. ఈ వంటవాళ్ళకు బుద్ధి లేదనుకునేవాణ్ణి.

"ఏం ఖుద్దూస్ భాయ్, ఈ హాలుకు కఫీల్ నువ్వేనా?" అనేవాడు తోటి డ్రైవరు బాలసుబ్బయ్య. కఫీల్ అంటే ఇక్కడ మా వీసాలు చేతిలో ఉన్న యజమాని.

పోయిన చలికాలం ఉమ్ మిషారీకి గొంతు పట్టేసింది. ఆ సాయంత్రం జుబేదా వ్యానులో నా పక్కన కూర్చుని, "మూడో పాట నాది. ముందు కుర్చీ. చెవులు కడుక్కో" అంది.

చలిగా ఉన్నా అద్దం దించుకుని కూర్చున్నాను. రెండు పాటలు అయ్యాయి. వంటగది తలుపు తెరుచుకుంది. బాలసుబ్బయ్య తల తిప్పాడు, అతని వెనక ఇంకా నలుగురు. నేను దిగి, డబ్బా జరిపి, తలుపు మూసి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. గోడ దాటి వచ్చినంత చాలనుకున్నాను. మోత వచ్చింది. ఆ తర్వాత ఆడవాళ్ళ కేకలు, చప్పట్లు.

"ఇనపడిందా?"

"మోత శానా బాగుండాది."

ఇల్లు చేరేదాకా జుబేదా అద్దానికి తల ఆనించి కళ్ళు మూసుకుంది. అలసిపోయిందనుకున్నాను. మెట్లెక్కుతూ, "చెవుల డాక్టరుకు సూపించుకో" అంది.

ఇంకో పాట ఇస్తానని ఉమ్ మిషారీ మాటిచ్చింది. ఆ రోజు జుబేదా హీటరు ముందు దఫ్ వెచ్చచేసుకుంది ఆ పాటకోసమే.

జుబేదా పోయిన మూడో రోజున తస్లీమ్ వచ్చింది. ఏడ్చింది, టీ తాగింది, దఫ్ మీది తువ్వాలు తీసి చూసింది.

"మూడో పాటలో ఒకతావ దానికి గొంతు వణికింది భాయ్. అయినా నిలబెట్టుకునింది. ఇన్యావు గదా?"

"తలుపు మూసుంటే యాడ ఇనపడతాది?"

"మూసినారా? ఎవురు?" అంది తస్లీమ్. "దఫ్ ఎచ్చజేసే సాకుతో వంటింట్లోకి పోయి, తలుపు తీసి డబ్బా పెట్టి వచ్చేదిగదా, నీకు ఇనపడాలని. ఉమ్ మిషారీ తిట్టినా మానల్యా. గాలికి జరగతాదని నీళ్ళు గూడా తనే నింపేది."