నా పారాయణానికి కేసరిబాత్

ఉద్యోగం పోయాక కొన్నాళ్లు ఏమీ తోచలేదు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే స్నానం చేసి, మిద్దె మీద కూర్చుని ఒక లావుపాటి నవల చదవడం మొదలుపెట్టాను. రేపటితో పుస్తకం అయిపోతుందని నిన్న ఇంటి ఓనరమ్మతో మాటవరసకి అన్నాను. ఈ రోజు చివరి పేజీ తిప్పానో లేదో, ఆవిడ గిన్నె నిండా నేతి రవ్వ కేసరిబాత్‌తో పైకొచ్చింది.

“పారాయణం ముగిసిందా అప్పా? ఏ దేవుడిది?”

“దేవుడు లేడాంటీ. ఇది హత్య కథ.”

ఆవిడ పుస్తకం వైపు చూసింది, గిన్నె వైపు చూసింది.

“పోనీలే అప్పా. పని పోయినాక నువ్వు ఊరికే ఆ పిట్టగోడ కాడ నిలబడి కిందికి చూస్తా ఉంటే నాకు భయమయ్యేది. ఈ బుక్కు పట్టినాకే నాకు నిద్ర పట్టింది” అంటూ గిన్నె నా చేతిలో పెట్టింది.

గబగబా తినేశాను.

మెట్ల దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. “ఇంతకీ చంపింది ఎవరప్పా?”

ముందే చెబితే కథ పాడవుతుందని చెప్పలేదు. ఆవిడ ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ చదువుకున్నది కన్నడ బడిలో, తెలుగు చదవడం రాదు. అందుకని రేపు పొద్దున మొదటి పేజీ నుంచి నేనే చదివి వినిపించాలి. హంతకుడెవరో తెలిసి కూడా మొహం మామూలుగా పెట్టుకోవడం ఎలాగో, అనుభవమున్నవాళ్లు కాస్త చెప్పండి.