బ్రేకమ్మకు జబ్బు లేదు

డ్రైవింగ్ స్కూల్లో ఆమెను అందరూ బ్రేకమ్మ అంటారు. నేర్చుకునేవాళ్లు స్టీరింగు పట్టుకుంటే, ఆమె పక్క సీటులో కూర్చుని, తన కాళ్ల దగ్గర అమర్చిన రెండో బ్రేకు మీద పాదం ఆనించి ఉంచుతుంది. పక్కవాళ్లు తడబడిన క్షణంలోనే ఆ పాదం దిగుతుంది. తిట్టు ఆ తర్వాత వస్తుంది. పదవీ విరమణ తర్వాత నాకు కారు నేర్పింది ఆమే. మా గోడకు ఆనుకున్న ఇల్లే వాళ్లది.

కవలలను కన్నాక ఒంటికి పట్టిన బరువును ఆమె కొన్నేళ్లు పట్టుబట్టి కరిగించింది. బరువు పోయింది గాని సాగిన చర్మం పోలేదు. పొట్ట కింద మడతపడి, సీటు బెల్టు మీదికి జారేది. ఆ చర్మాన్ని కోయించి, నడుము చుట్టూ మొండికేసిన కొవ్వును తీయించుకోవాలని ఆమె నిశ్చయించుకుంది. ఇది ప్రాణానికి అవసరమైన ఆపరేషను కాదని డాక్టరు ముందే చెప్పాడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. భర్త నీళ్ల పంపులు బాగుచేసే మెకానిక్కు, నెమ్మదస్తుడు. నొప్పి ఎక్కువగా ఉంటుందేమో కనుక్కున్నావా అని మాత్రం అడిగాడు. ఆయన అక్క, ఈ వయసులో ఎవరు చూడాలని ఈ ముచ్చట అని బుగ్గలు నొక్కుకుంది.

“నేను చూస్తాను వదినా. రోజూ ఈ ఒంటికి స్నానం చేయించేది నేనే కదా,” అన్నది బ్రేకమ్మ.

ఆపరేషను సవ్యంగానే జరిగింది. ఇంటికి చేరిన మనిషి మాత్రం ప్రశ్నార్థకంలా వంగి నడుస్తోంది. ఒక తుంటి నుంచి మరో తుంటి దాకా కుట్లు. ఒంట్లోంచి బయటికి వచ్చిన రెండు సన్నని గొట్టాలు, వాటి చివర నెత్తుటి నీరు చేరే తిత్తులు. అన్నిటిపైన, ఊపిరిని కూడా అనుమతి అడిగి పీల్చుకోవలసినంత బిగుతు పట్టీ. కాళ్లు చాపి పడుకోవడానికి లేదు. వాలుకుర్చీలో, మోకాళ్ల కింద దిండ్లు పెట్టుకుని నిద్ర. దగ్గు వస్తే పొట్టకు దిండు అదుముకోవాలి. నవ్వు మరీ ప్రమాదం. తిత్తులు ఖాళీ చేసే పని భర్తదే. ఒకనాడు ఆయన తిత్తిని వెలుతురులో పట్టుకుని, ఇందులో గాలి చేరినట్టుంది, అందుకే లాగడం లేదు అన్నాడు. ఆమె దిండు అదుముకుని, నన్ను నవ్వించకండి అని బతిమాలింది. ఆయన నవ్వించడానికి అనలేదు, నిజంగానే పరీక్షిస్తున్నాడు.

సాయానికి వచ్చిన వదినకు పనిలో వంక పెట్టలేము. వండింది, ఉతికింది, మరదలి తల దువ్వి జడ వేసింది. వదినను బాధించినది ఒకటే, వచ్చిపోయేవాళ్లకు ఏం చెప్పాలన్నది. చివరికి “కడుపులో గడ్డ” అని ఖాయం చేసుకుంది. మందుల మత్తు వదిలి మరదలు ఆ మాట వినేసరికి అది వీధి దాటిపోయింది. ఎందుకలా చెప్పారని అడిగితే, గడ్డంటే గౌరవంగా ఉంటుంది, పైగా ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు అని వదిన సమాధానం. కుట్లు సలుపుతున్న మనిషికి వాదించే ఓపిక లేకపోయింది. లేచాక చూసుకుంటానని ఊరుకుంది.

గడ్డ మాత్రం ఊరుకోలేదు. వీధి మలుపు తిరిగేసరికి పెద్దదైంది. డ్రైవింగ్ స్కూలు చేరేసరికి పేరు పైకి పలకలేని జబ్బయింది. ఒక మధ్యాహ్నం స్కూలు యజమాని పళ్ల సంచితో వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. ఆయన మామూలుగా గట్టిగా మాట్లాడే మనిషి. ఆనాడు గొంతు తగ్గించాడు.

“నువ్వు దిగులు పెట్టుకోకమ్మా. ఇంక రోడ్డెక్కే పనిలేదు. ఆఫీసులో కుర్చీ వేయిస్తా, ఫోన్లు చూసుకో. నీ బండి వేరేవాళ్లకి అప్పజెప్పేశాను.”

అది నిష్కల్మషమైన దయ. అందుకే దాన్ని తప్పించుకోవడం కష్టం.

వదిన చటుక్కున అందుకుంది. “గడ్డ మంచిదేనటండీ. మొత్తం తీసేశారు. ఇంక భయం లేదన్నారు.”

ఒప్పుకోవలసిందే, అది మంచి దారి. బ్రేకమ్మ ఒక్కసారి తల ఊపితే చాలు. సీటూ దక్కుతుంది, పరువూ నిలుస్తుంది. ఆమె వదిన వైపు చూసింది. తర్వాత దిండు పక్కన పెట్టింది.

“గడ్డా లేదు, గిడ్డా లేదు సార్. సాగిన పొట్ట కోయించుకున్నాను. నాకు కావాలనిపించింది, చేయించుకున్నాను.”

యజమాని చూపు పళ్ల సంచి మీద పడింది. తిరిగి పట్టుకుపోవాలో వద్దో తేల్చుకోలేనట్టుంది. “అంటే, అందం కోసమా?”

“అవునండీ.”

“నేను జబ్బనుకొని సెలవిచ్చానమ్మా.”

“నేనడిగింది ఆపరేషనుకి సెలవు. జబ్బని నేననలేదు. డాక్టరు సరేనన్న రోజున వచ్చి బ్రేకు తొక్కుతాను. కాలు ఆడకపోతే ఆ కుర్చీలోనే కూర్చుంటాను. ఆడితే నా బండి నాకిచ్చెయ్యండి.”

చూద్దాం అంటూ ఆయన లేచాడు. సంచి అక్కడే వదిలాడు. ఆయన గేటు దాటగానే తిత్తి చూడటానికి వచ్చిన తమ్ముడి మీద వదిన విరుచుకుపడింది. ఇంక వీధిలో తలెత్తుకోవడం ఎలా అన్నది.

“నా తల బాగానే ఉందక్కా. కాస్త ఆ గిన్నె ఇటివ్వు, తిత్తి నిండింది,” అన్నాడాయన.

ఆ తర్వాత వీధి నవ్వింది. నవ్వదని ఎవరూ అనుకోలేదు. స్కూల్లో మగవాళ్లు కొత్త హాస్యాలు కనిపెట్టారు. అయితే ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, తలుపు దగ్గరగా వేసి, నొప్పి ఎంత, మచ్చ కనబడుతుందా, డాక్టరు ఎవరు అని అడిగి వెళ్లారు. వదిన పెడముఖంతోనే వాళ్లకు మంచినీళ్లు అందించింది. తన ఇంటికి బయలుదేరిన నాడు, గేటు దగ్గర ఎవరో గడ్డ సంగతి ఎత్తితే, గడ్డేం కాదులెండి అని విసురుగా అన్నది. అంతకుమించి విడమరచలేదు. అదే చాలనుకున్నాను.

ఆ స్కూల్లో ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా బండి అప్పజెప్పే ముందు, యజమాని స్వయంగా చేతకాని శిష్యుడిలా నడిపి చూస్తాడు. డాక్టరు అనుమతించాక బ్రేకమ్మ వెళ్లింది. ఇంకా పూర్తిగా నిటారు కాలేదు. పట్టీ మీదనే సీటు బెల్టు బిగించుకుంది. నేర్చుకునేవాళ్లతో పాటు నేనూ ఆవరణలో నిలబడ్డాను. యజమాని బండిని వాలులో వదిలి, ఎదుటి గోడ వైపు తిప్పి, బ్రేకు సంగతి మరచినవాడిలా కూర్చున్నాడు. బండి గోడ దాకా పోలేదు. మధ్యలోనే కుదేసినట్టు ఆగింది. ఆమె పెదవి కొరుక్కుంది, పాదం ఎత్తలేదు. తర్వాత తిట్టు వినిపించింది. అద్దాలు మూసి ఉన్నా మా అందరికీ వినిపించింది.

యజమాని దిగాడు. తాళంచెవి బండిలోనే వదిలాడు.

వరుసలో మొదట నిలబడ్డ, స్కూల్లో కొత్తగా చేరిన ఒక కోడలుపిల్ల డ్రైవరు సీటు తలుపు తీసి, లోపలికి వంగి, గొంతు తగ్గించి, జబ్బు పూర్తిగా తగ్గిందా అక్కా అని అడిగింది.

“జబ్బు కాదమ్మా, పొట్ట కోయించుకున్నాను,” అన్నది బ్రేకమ్మ, ఏమాత్రం గొంతు తగ్గించకుండా. “ఎక్కు. వెనక నలుగురు నిలబడ్డారు.”